చప్పట్లు కొట్టని రాజ్యలక్ష్మి గారు

మొన్న శనివారం మేం సరుకులు తెచ్చుకునే ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్టల పక్కన దబ్బకాయలు కనిపించాయి. మిషిగన్‌కి అవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు, వచ్చినప్పుడు కొనుక్కోవాలి, అంతే. ఒక కాయ చేతిలోకి తీసుకుని తొక్కని గోటితో గిల్లాను. ఆ వాసన ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పలేను. మా ఆయన సుధీర్‌కి ఆ వాసనంటే పులిహోర. మా అమ్మకి ఊరగాయ. నాకు మాత్రం బ్రిటిష్ పార్లమెంటు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ట్రాయ్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండిన రాజ్యలక్ష్మి గారు ఈ కాయల్ని సన్నగా తరిగి, చక్కెర పోసి ఉడికించి, మార్మలేడ్ చేసేవారు. కాల్చిన రొట్టె మీద అది మందంగా రాసి నా చేతిలో పెట్టి, తను మంత్రిగా ఉన్న రోజుల సంగతులు చెప్పేవారు. “ఇంగ్లీషువాళ్లు నాకు రెండే నేర్పారమ్మాయ్. ఈ మార్మలేడూ, ఓటూ. రెండూ కాస్త చేదుగానే ఉండాలి. తియ్యగా ఉన్నాయంటే ఎక్కడో మోసం జరిగినట్టే” అనేవారు.

ఆవిడ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. పుట్టింది తెనాలి దగ్గర. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వెళ్లారు. బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న ఒక ఉత్తరాది ఊళ్లో, ప్రభుత్వ బడిలో లెక్కల టీచరుగా చేరారు. ఆ బడిని మూసేస్తామని అక్కడి కౌన్సిల్ అన్నప్పుడు అడగడానికని మీటింగ్‌కి వెళ్లి, అభ్యర్థిగా తిరిగొచ్చారట. ముందు కౌన్సిలర్, తర్వాత పార్లమెంటు సభ్యురాలు, ఆ తర్వాత వాళ్ల పార్టీ అధికారంలోకి వస్తే మంత్రి. చీర మీద పొడుగాటి ఉన్ని కోటు వేసుకుని వర్షంలో గడప గడపా తొక్కి సంపాదించుకున్న సీటు అది. చివరికి ఎన్నికల్లో ఓడిపోయి, భర్త పోయాక, ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజినీరుగా పనిచేసే కూతురు వాణి దగ్గరికి వచ్చేశారు. అంత పెద్దావిడ మా వీధిలోకి వస్తే మేం చేసిందేమిటంటే, పాపం ఎవరో ముసలావిడ, వేళకి మందులు వేసుకుంటోందో లేదో అనుకున్నాం.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ మంచులో నడుస్తున్నారు. ట్రాయ్‌లో మనుషులు నడవరు. కార్లోంచి దిగి స్టోర్‌లోకి, స్టోర్‌లోంచి కార్లోకి, అంతే. ఆవిడ చేతికర్ర పట్టుకుని రోడ్డు పక్కన తాపీగా నడుస్తుంటే, ఎవరు ఫోన్ చేశారో ఏమో, పోలీసు కారు వచ్చి ఆగి ఉంది. నేను ఆఫీస్‌కి వెళ్తున్నదాన్ని కంగారుగా కారు పక్కకి తీసి దిగాను. తీరా చూస్తే పోలీసాయన బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఉద్యోగానికి పెన్షన్ ఉందా, యూనియన్ ఉందా, భార్య కాన్పుకి సెలవిచ్చారా అని ఆవిడ అడుగుతున్నారు. “ఆంటీ, ఎక్కండి, ఇంటి దగ్గర డ్రాప్ చేస్తాను” అన్నాను తెలుగులో. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు. “నేను తప్పిపోలేదమ్మాయ్, నడుస్తున్నాను. రెండిటికీ తేడా ఈ ఊళ్లో ఎవరికీ తెలిసినట్టు లేదు” అన్నారు. ఒళ్లు మండింది. సాయం చేయబోతే తిట్టించుకోవడమేమిటని ఆ రోజంతా ఆఫీసులో సణుక్కున్నాను. కానీ నెల తిరిగేసరికి వీధిలో ఎవరి కుక్క పేరేమిటో, ఎవరికి ఉద్యోగం పోయిందో ఆవిడకి తెలుసు. నేను అప్పటికి ఆరేళ్లుగా అక్కడ ఉంటున్నాను, పక్కింటాయన ఇంటిపేరు నాకు తెలియదు.

అలా మొదలైంది. శనివారం పొద్దున్నే ఆవిడ వంటింట్లో కూర్చోవడం, కాఫీ తాగడం, పోట్లాడుకోవడం. అవును, పోట్లాటే. ఆవిడ అభిప్రాయాలు మెత్తగా ఉండేవి కావు. వైద్యం అంగట్లో సరుకు కాకూడదనేవారు. జబ్బు చేసినవాడు ముందు ఇన్సూరెన్స్ కార్డు కోసం వెతుక్కునే దేశాన్ని దేశమని ఎలా అంటున్నారే మీరు అనేవారు. పన్నులు తగ్గిస్తామనే నాయకుణ్ణి దగ్గరికి రానివ్వకూడదట, వాడు ఎవరి గ్రంథాలయమో మూసేయడానికే వస్తాడట. రాజులూ రాణులూ అంటే ఒంటికి పడదు. మా ఆయనా నేనూ అప్పటికి ఏళ్ల తరబడి గ్రీన్ కార్డ్ వరసలో ఉన్నాం. సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చేవాళ్ల మీద నాకు చెడ్డ కోపం. ఒకరోజు ఆ కోపం ఆవిడ ముందు వెళ్లగక్కాను. “మేం ఇంతకాలం లైన్‌లో నిలబడ్డాం ఆంటీ. వాళ్లు అడ్డంగ దూరి వస్తే ఊరుకోవాల్నా?”

ఆవిడ రొట్టె మీద మార్మలేడ్ రాయడం ఆపలేదు. “క్యూలో నుంచున్నవాడికి పక్కనించి దూరేవాడి మీదే కోపం వస్తుందమ్మా. ఒక్కటే కిటికీ తెరిచి, మధ్యాహ్నానికి అది కూడా మూసేసి భోజనానికి వెళ్లినవాడి మీద మాత్రం రాదు. ఆ కోపం మీద బతికే నాయకుల్ని నేను దగ్గర్నించి చూశాను. కొన్నాళ్లు వాళ్లలో ఒకత్తెనే.” నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ ఆ కిటికీ మాట మాత్రం అప్పట్నించీ బుర్రలో తిరుగుతూనే ఉంది.

మా ఊళ్లో ఒక తెలుగు సంఘం ఉంది. ప్రతి అమెరికా ఊళ్లోనూ ఉంటుంది, రెండు కూడా ఉంటాయి. ఆ ఏడు ఉగాదికి రాజ్యలక్ష్మి గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. పులిహోర, శాస్త్రీయ నృత్యాలు, స్పాన్సర్లకి శాలువాలు అయ్యాక సర్వసభ్య సమావేశం అంటూ ఒక తంతు జరిపారు. మా సంఘంలో ఎన్నికలంటే పరువు తక్కువ. పోటీకి ఎవరైనా నామినేషన్ వేస్తే పెద్దలంతా ఫోన్లు చేసి, బతిమాలి, బామాలి, ఉపసంహరింపజేస్తారు. తర్వాత ‘ఏకగ్రీవం’ అని గొప్పగా ప్రకటించుకుంటారు. తీర్మానాలకీ అదే పద్ధతి. అధ్యక్షుడు చదువుతారు, జనం చప్పట్లు కొడతారు, పాస్. అధ్యక్షుడు ప్రసాద్ గారు మైకులో “మీ హర్షధ్వానాలతో ఆమోదించినట్టే కదా!” అనగానే హాలంతా మోగిపోయింది. వేదిక మీద రాజ్యలక్ష్మి గారొక్కరే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంకో తీర్మానం, మళ్లీ చప్పట్లు. అప్పుడావిడ ముందుకి వంగి, ఎదురుగా ఉన్న మైకులో, వినయంగానే అడిగారు. “ప్రసాద్ గారూ, ఒక చిన్న సందేహం. వద్దనేవాళ్లు ఏం చేయాలండీ?” ప్రసాద్ గారు నవ్వారు. “మన దగ్గర వద్దనేవాళ్లు ఉండరు మేడమ్! ఒకే కుటుంబం మనది!” మళ్లీ చప్పట్లు. ఆవిడ కూడా నవ్వి, వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

కార్లో ఇంటికి తీసుకొస్తుంటే ఆవిడ మొహం ముడుచుకునే ఉంది. “ఆంటీ, పండగ రోజు ఎందుకలా అడిగారు, పాపం ఆయన చిన్నబోయిండు” అన్నాను. అప్పుడు చెప్పారు ఆ రెండు నడవల సంగతి. “మా సభలో పెద్ద విషయాలకి చప్పట్లూ లేవు, మీటలూ లేవమ్మాయ్. గంట మోగుతుంది. కుర్చీలోంచి లేచి నడిచి వెళ్లాలి. ఔననేవాళ్లకి ఒక నడవ, కాదనేవాళ్లకి ఇంకో నడవ. గుమ్మం దగ్గర పార్టీ విప్ నుంచుని ఎవరెటు పోతున్నారో చూస్తుంటాడు. నీ ఓటు నీ కాళ్లతో వేయాలి. ఎవరి భుజం రాసుకుంటూ వెళ్లావో నీకూ తెలుస్తుంది, ఊరికీ తెలుస్తుంది.”

ఒకసారి ఒక యుద్ధం మీద ఓటింగ్ వచ్చిందట. ఏ యుద్ధమని అడిగితే, “ఏదైతేనేం, చచ్చేది ఒక రకం వాళ్లే” అన్నారు. మనసొప్పకపోయినా విప్ చెప్పిన నడవలోకే నడిచారు. “పక్కన నడుస్తున్నాయన సెలవులకి ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. సముద్రం ఒడ్డుకి అని జవాబు కూడా చెప్పాను. మనుషుల్ని చంపడానికి ఓటేయబోతూ సెలవుల గురించి మాట్లాడుకున్నామే అమ్మాయ్!” ఆ మాట చెబుతూ ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయారు.

మరి కొన్నాళ్లకి వాళ్ల ప్రభుత్వమే ఇంకో చట్టం తెచ్చింది, కాగితాలు సరిగా లేని కుటుంబాల్ని పిల్లలతో సహా నిర్బంధంలో పెట్టడానికి. దాన్ని టీవీల్లో సమర్థించే పని ఆవిడకి అప్పగించారు. నల్లమొహం చెబితే తెల్లవాళ్ల మీద నింద పడదని. ఆవిడ పొద్దున్నే మంత్రి పదవికి రాజీనామా ఇచ్చి, సాయంత్రం కాదనేవాళ్ల నడవలోకి నడిచారు. గుమ్మంలో విప్ చేయి అడ్డం పెట్టి “మేడమ్, మీరు దారి తప్పారు” అన్నాడట. “ఇన్నాళ్లూ తప్పాను, ఇవాళే దొరికింది” అన్నారట ఈవిడ. ఈ జవాబు తర్వాత ఇంటికెళ్లి కల్పించుకున్నదేమోనని నాకు కాస్త అనుమానం. ఎంతైనా రాజకీయ నాయకురాలు కదా. కానీ నడిచిన మాట నిజం. చట్టం మాత్రం ఆగలేదు. తర్వాతి ఎన్నికల్లో పార్టీ టికెట్ ఇవ్వలేదు. సొంతంగా నిలబడి ఓడిపోయారు. “డిపాజిట్ దక్కిందా ఆంటీ?” అని అడిగాను ఆటపట్టించడానికి. “దక్కింది. అదొక్కటే దక్కింది” అని పకపకా నవ్వారు. కొన్నేళ్లు గడిచాక పార్టీవాళ్లే రాజీకొచ్చి, పెద్దల సభలో కుర్చీ ఇస్తాం, పేరు ముందు బిరుదు వస్తుందన్నారట. “నా పేరులోనే రాజ్యం ఉంది, వేరే బిరుదెందుకన్నాను. ఓటు అడక్కుండా వచ్చే కుర్చీలో నాకు నిద్ర తప్ప ఇంకేమీ రాదు.”

ఇవన్నీ నాకు కథల్లాగే ఉండేవి. శైలజ విషయం వచ్చేదాకా.

శైలజ మా సంఘం నడిపే ఆదివారం తెలుగు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పేది. కరీంనగర్ పిల్ల. భర్త ఉద్యోగం మీద ఆధారపడ్డ వీసా, తను పని చేయడానికి వీల్లేదు. వారమంతా ఇంట్లో నోరు మూసుకుని ఉండే మనిషి ఆదివారం ఆ పిల్లల మధ్య గలగలా మాట్లాడేది. బడి వ్యవహారాలు కమిటీ తరఫున నేనే చూసేదాన్ని కాబట్టి బాగా దగ్గరైంది. ఒక ఆదివారం చలికాలం కాకపోయినా మెడ దాకా స్వెటర్ వేసుకుని వచ్చింది. తర్వాతి వారం కూతుర్ని తీసుకుని ఇల్లు వదిలేసింది. భర్త కొడతాడని అప్పుడు బయటపడింది. అతను మామూలు మనిషి కాదు, మా సంఘానికి అందరికంటే పెద్ద స్పాన్సర్, ప్రసాద్ గారికి వ్యాపారంలో భాగస్వామి. పాప తన దగ్గరే ఉండాలని కోర్టుకెక్కాడు. ఇక్కడే అసలు మెలిక. శైలజని బడి నుంచి తప్పిస్తూ మా కమిటీ ఒక తీర్మానం చేస్తే, పిల్లల దగ్గర ఉండదగ్గ మనిషి కాదని ఆమె సొంతవాళ్లే తేల్చారని అతని లాయర్ జడ్జి ముందు పెట్టొచ్చు. మా నిబంధనల ప్రకారం ఏడాది మధ్యలో ఎవరినైనా తప్పించాలంటే కమిటీ మొత్తం ఒక్క మాట మీద ఉండాలి. ఏకగ్రీవం మా ఇంటి వంట కాబట్టి, దానికెవరూ దిగులుపడలేదు.

శైలజ నా దగ్గరికి వచ్చి ఏడవలేదు. “అక్కా, నాకు పాఠాలు పోయినా ఏం గాదు. బిడ్డ పోతే ఎట్ల బతకాలె? ఒక్కరు, ఒక్కరన్నా వద్దనరా?” అంది. చూస్తానని చెప్పి పంపేశాను. ఎందుకంటే సుధీర్ పనిచేసేది ప్రసాద్ గారి కన్సల్టింగ్ కంపెనీలో. ఆయన వీసా వాళ్లు ఇప్పించిందే, ఎక్స్‌టెన్షన్‌కి ఆ నెలలోనే సంతకం కావాలి. గ్రీన్ కార్డ్ వరసలో ఉన్నవాళ్ల భార్యలకిచ్చే ఉద్యోగ అనుమతి నాది, అది కూడా ఆయన వీసాకి తోకలా వేలాడుతూ ఉండేది. ఆ వీసా పోతే ఇద్దరం ఇంట్లో కూర్చుని సూట్‌కేసులు సర్దుకోవాలి. సుధీర్‌కి చెప్పాను. టీవీ వైపే చూస్తూ, “నన్ను అడగకు అరుణా. అడిగితే నేను చప్పట్లు కొట్టమనే అంట. అందుకే అడగకు” అన్నాడు. మా ఆయన మీద నాకున్న గౌరవం అంతకు ముందు ఎంతో, ఆ మాట తర్వాత దానికి రెట్టింపు.

రాజ్యలక్ష్మి గారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ గట్టిగా ‘వద్దను’ అని చెబితే ఆ బరువు ఆవిడ మీద పెట్టేసి హాయిగా ఉండొచ్చని ఆశ. అంతా విన్నారు. “ఏం చేయమంటారు ఆంటీ?” అన్నాను.

“నేను నీకు విప్‌ని కాదమ్మా” అన్నారు.

“అది కాదు ఆంటీ, నాకు భయమైతుంది.”

“అవ్వాలి. పోగొట్టుకునేదేమీ లేనివాడు ఎటు నడిస్తే ఎవరిక్కావాలి? భయపడేవాడి ఓటుకే విలువ. నువ్వు చప్పట్లు కొట్టినా నేను నీ మొహం చూడనని అనను. నేనూ ఒకప్పుడు కొట్టినదాన్నే. కానీ అదేదో చేతులు వాటంతటవే కొట్టుకున్నాయని మాత్రం నాకొచ్చి చెప్పకు.” ఇంత చెప్పి, లేచి అంట్లు తోముకోవడం మొదలుపెట్టారు. కోపంతో తలుపు గట్టిగా వేసి వచ్చేశాను. గురువులు ఎంత కఠినాత్ములో, అవసరమైనప్పుడే తెలుస్తుంది.

మీటింగ్ ఆదివారం మధ్యాహ్నం, ప్రసాద్ గారి బేస్‌మెంట్‌లో. బిర్యానీ, మిరపకాయ బజ్జీలు, పెద్ద తెర మీద క్రికెట్టు. తిండి దగ్గర మా కమిటీకి వంక పెట్టడానికి లేదు. భోజనాలయ్యాక ప్రసాద్ గారు చేతులు తుడుచుకుంటూ విషయం ఎత్తారు. “ఆ అమ్మాయి మన బిడ్డే. మనమేం తీసెయ్యట్లేదండీ. పాపం స్ట్రెస్‌లో ఉంది కదా, కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తున్నాం. భార్యాభర్తల గొడవల్లో మనం తలదూర్చకూడదు. అంతేగా?” అందరూ తలలూపారు. భార్యాభర్తల గొడవలో మెడ దాకా దూరి, తలదూర్చకూడదని చెప్పడానికి చాలా నేర్పు కావాలి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టుంది వ్యవహారం. “అయితే మీ హర్షధ్వానాలతో...” అన్నారాయన. చప్పట్లు మోగాయి. నేను కొట్టలేదు.

“అరుణ గారు ఫోన్ చూసుకుంటున్నట్టున్నారు. ఇంకోసారి అందరం కలిసి” అన్నారు నవ్వుతూ. ఇంకోసారి కొట్టారు, చంటిపిల్లలకి నేర్పుతున్నట్టు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కూర్చుని వద్దనడం చేతకాలేదు. లేచి, బజ్జీల ప్లేటు పక్కన పెట్టి, వాళ్లందరికీ దూరంగా మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

“నేను ఒప్పుకోను. మీటింగ్ మినిట్స్‌లో నా పేరు పెట్టి రాయండి.”

“అమ్మా, కూర్చోండి. విశ్రాంతి ఇస్తే తప్పేముంది?” అన్నారు ప్రసాద్ గారు.

“ఆమె అడిగిందా విశ్రాంతి?”

“అరుణ గారూ, మీకు తెలీదండి, నలుగురూ నవ్వుతారు. సంఘం పరువు...”

“ఆమెని కొట్టినప్పుడు పోని పరువు, నేను వద్దంటే పోతదా?”

ఎవరో టీవీ ఆపేశారు. ప్రసాద్ గారి మొహంలో నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం తేనె పూసుకుంది. “ఆవేశపడకండమ్మా. అన్నట్టు సుధీర్‌కి ఎక్స్‌టెన్షన్ ఈ నెలే కదా?”

నా కాళ్లు వణికాయి. పక్కనున్న రెయిలింగ్ పట్టుకోకపోతే పడిపోయేదాన్నే. కానీ అంతకుముందెప్పుడూ రాని కోపం కూడా అప్పుడే వచ్చింది. “అవునండీ, ఈ నెలే. మీరు ఆ మాట ఇప్పుడు అడిగినట్టు కూడా మినిట్స్‌లో రాయించండి” అన్నాను.

నిన్నటిదాకా మా పిల్లల పుట్టినరోజులకి వచ్చి కేకు తిన్నవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ఒక్క మాట తక్కువైంది కాబట్టి తీర్మానం పడిపోయింది. మెట్లెక్కి బయటికి వచ్చి కార్లో కూర్చున్నాక ఏడుపొచ్చింది. విజయగర్వం అని కథల్లో రాస్తారే, అదేమీ కాదు, ఉత్త భయం.

రాజ్యలక్ష్మి గారు తలుపు తీసి నా మొహం చూడగానే, ఏం జరిగిందని అడగలేదు. “కాళ్లు వణికాయా?” అన్నారు. వణికాయన్నాను. “నాకూ వణికాయి. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రా, లోపలికి రా” అని నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆవిడ నన్ను పొగుడుతారనుకున్నాను. పొగడలేదు. మళ్లీ ఇంకోసారి చేయాల్సి వస్తుందనీ, అప్పుడు కూడా ఇంతే భయమేస్తుందనీ, అలవాటైపోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దనీ చెప్పారు.

దాని ఖరీదు మేం కట్టాం. దాచడమెందుకు? సుధీర్ ప్రాజెక్ట్ ‘హఠాత్తుగా’ అయిపోయింది. ఎక్స్‌టెన్షన్ కాగితాల మీద సంతకం పడలేదు. వీసా గడువు ముంచుకొచ్చేలోపు నానా తంటాలు పడి ప్లేనోలో ఉద్యోగం సంపాదించాడు. ఏడాదికి పైగా ఆయన టెక్సస్‌లో, నేనూ పిల్లలూ ఇక్కడ. గ్రీన్ కార్డ్ కాగితాలు కొత్త కంపెనీతో మళ్లీ మొదటి నుంచి. పిల్లల్ని పుట్టినరోజులకి పిలవడం మానేశారు. దుకాణంలో కనబడితే బియ్యం బస్తాల వెనక్కి తప్పుకునేవాళ్లు. ఆ రోజుల్లో సుధీర్ ఫోన్లో ఒక్కసారి కూడా ‘ఎందుకు చేశావ్’ అనలేదు. అననందుకే ఇంకా బాధనిపించేది. శైలజ కేసులో ఆ తీర్మానం కాగితం లేదు. పాప తల్లి దగ్గరే ఉండాలని కోర్టు చెప్పింది. నా ఒక్క మాట వల్లే అలా అయిందని నేననను. జడ్జి మనసులో ఏముందో నాకేం తెలుసు? కానీ ఆ కాగితం ఉండి ఉంటే ఏమయ్యేదోనని శైలజ ఇప్పటికీ ఒక్కోసారి వణికిపోతుంది. తర్వాత స్టూడెంట్ వీసా మీద చదివి, సొంతంగా ఉద్యోగం తెచ్చుకుంది. ఆదివారాలు బడి మాత్రం మానలేదు.

రాజ్యలక్ష్మి గారు రెండేళ్ల తర్వాత, మార్చి నెలలో, నిద్రలోనే పోయారు. ఇంగ్లండ్ పేపర్లలో చిన్న వార్త వచ్చింది, సొంత పార్టీని ధిక్కరించిన మంత్రి అని. ఆవిడ బతికి ఉంటే ఆ ఒక్క ముక్కకి జీవితమంతా కుదించారని ఎడిటర్‌కి ఫోన్ చేసి ఉండేవారు. మా సంఘం సంతాపసభ పెట్టింది. ప్రసాద్ గారే అధ్యక్షత వహించి, ధీరవనిత అనీ, నిర్భయంగా మాట్లాడే గుణం యువత నేర్చుకోవాలనీ కళ్లు తుడుచుకున్నారు. సంతాప తీర్మానం చదవగానే ముందు వరసలో ఒకాయన అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టబోయి నాలుక్కరుచుకున్నాడు. నాకు నవ్వాగలేదు. ఏడుస్తూనే నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖంలో మతి చెడిందనుకున్నారు.

ఆవిడ రాజకీయాలన్నీ నావి కావు. పన్నుల గురించి, సరిహద్దు గురించి ఆవిడతో ఇప్పటికీ మనసులో వాదిస్తూనే ఉంటాను. నాకు మిగిలింది ఆ సిద్ధాంతాలు కాదు. ధైర్యం కూడా కాదు. ఎందుకంటే నేను ఇప్పటికీ పిరికిదాన్నే, ఆఫీస్‌లో మేనేజర్ గొంతు పెంచితే చేతులు చల్లబడతాయి. నాకు మిగిలింది ఏమిటంటే, చేతులు చల్లబడ్డాక కూడా వద్దనొచ్చని తెలియడం. ఇది తెలియని రోజుల్లో, భయం పోయాక మాట్లాడదామని ఎదురుచూస్తూ ఎన్నేళ్లు ఊరుకున్నానో.

అందుకే సంఘం ఎన్నికలొచ్చినప్పుడల్లా అధ్యక్ష పదవికి నామినేషన్ వేస్తున్నాను. వేసినప్పుడల్లా ఓడిపోతున్నాను, అదీ చిత్తుగా. మొదటిసారి నన్ను ప్రతిపాదించడానికి ఒక్కరు దొరకలేదు, శైలజని మళ్లీ ఈ గొడవలోకి లాగడం నాకిష్టం లేదు, చివరికి వాణి అల్లుణ్ణి, తెలుగు ముక్క రానివాణ్ణి పట్టుకుని, సభ్యత్వం కట్టించి సంతకం పెట్టించాను. పోయిన వారం ప్రసాద్ గారు మళ్లీ ఫోన్ చేశారు. “అరుణ గారూ, ఈసారైనా ఏకగ్రీవం చేద్దామండీ. ఎందుకొచ్చిన పోటీ, మీరు ఎలాగూ గెలవరు కదా. బ్యాలెట్లు అచ్చు వేయించాలి, హాలు తీసుకోవాలి, మనుషుల్ని పెట్టి లెక్క పెట్టించాలి... అంతా శ్రమ” అన్నారు. ఆలోచించి చెబుతానని కూడా అనలేదు, వేయించండి అన్నాను.

నిన్న సాయంత్రం బడి అయ్యాక శైలజ వచ్చింది. నామినేషన్ కాగితం నా చేతిలోంచి తీసుకుని, ప్రతిపాదిస్తున్నవారు అన్న చోట తన పేరు రాసింది. పెన్ను మూత పెట్టి నవ్వింది.

“అక్కా, మల్ల ఓడిపోతం గదా?”

“ఓడిస్తే ఓడించనీ. లెక్కబెట్టి ఓడించమను” అన్నాను.